పదకొండు వారాల బాబుకు రొంప, మూడో రోజు: ఆసుపత్రికి ఎప్పుడు బయలుదేరాలి?

పర్లాకిమిడి కోడలు:

అందరికీ నమస్కారం. నా పుట్టిల్లు టెక్కలి, అత్తవారిల్లు పర్లాకిమిడి. ఇంట్లో అత్తగారు, మామగారు, మా వారు, నేను, అంగన్‌వాడీకి వెళ్ళే నాలుగేళ్ళ పాప, పదకొండు వారాల బాబు ఉంటాము. బాబు ముప్పై అయిదు వారాలకే పుట్టాడు. అప్పుడు రెండు కిలోల రెండు వందల గ్రాములు ఉన్నవాడు దేవుడి దయవల్ల ఇప్పుడు నాలుగున్నర కిలోలకు వచ్చాడు.

వినాయక చవితి పందిళ్ళు చూసి వచ్చిన నాలుగైదు రోజులకు పాపకు ముక్కు కారడం మొదలై, ఒక రాత్రి జ్వరం వచ్చి తగ్గిపోయింది. దాని వెనుకే మొన్న ఉదయం నుంచి బాబుకు ముక్కు దిబ్బడ వేసింది. నిన్న దగ్గు కూడా తోడైంది. జ్వరం లేదు, థర్మామీటరు పెడితే 98.8 ఉంది. నిన్ననే పిల్లల వైద్యుడికి చూపించాము. గొట్టం పెట్టి విని, ఇది వైరస్ వల్ల వచ్చిన రొంప అని, యాంటీబయాటిక్ అవసరం లేదని, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేసి తల్లిపాలు తరచుగా ఇమ్మని, ఆయాసం కనిపిస్తే వెంటనే తీసుకురమ్మని చెప్పారు. బయట చాలామంది వేచి ఉండడంతో అంతకు మించి అడగలేకపోయాను.

ఇంటికి వచ్చాక ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. మందు రాయని వైద్యుడి దగ్గరికి ఎందుకు వెళ్ళారని మా పెదమామగారు కోప్పడ్డారు. పాపకు పోయినసారి వాడిన యాంటీబయాటిక్ సీసాలో ఇంకా సగం ఉంది కనుక అదే పట్టమని ఆయన సలహా. అత్తగారు స్నానం చేయించి సాంబ్రాణి పొగ గట్టిగా పట్టాలంటున్నారు. ఆవిడకు మనవడి మీద ఉన్న ప్రేమ నాకు తెలుసు కనుక ఎదురు చెప్పలేకపోతున్నాను. ఆయాసం అంటే అసలు ఎలా కనిపిస్తుంది? పిల్లవాడు నిద్రలో కూడా గురగురమంటున్నాడు, అది ఆయాసమేనా? ఈ రోజు నుంచి మామగారికి కూడా గొంతు నొప్పి మొదలైంది. ఆయనకు ఉబ్బసం, షుగరు రెండూ ఉన్నాయి. దయచేసి తెలిసినవారు వివరంగా చెప్పండి.

బరంపురం పిల్లల వైద్యుడు:

అమ్మా, మీరు చూపించుకున్న వైద్యుడు సరైన మాటే చెప్పారు. చీటీలో మందుల పేర్లు లేనంత మాత్రాన వైద్యం జరగలేదని అనుకోకండి. ఇంత చిన్న పిల్లలకు ఇలా ముక్కుతో మొదలై రెండు మూడు రోజుల్లో ఛాతీలోకి దిగే జబ్బుకు చాలాసార్లు కారణం రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్, పొట్టిగా ఆర్ఎస్‌వీ. దీన్ని 1956లో మొదట జలుబు చేసిన చింపాంజీలలో గుర్తించారు, ఆ మరుసటి సంవత్సరమే చంటిపిల్లలలోనూ కనుగొన్నారు. రెండో పుట్టినరోజు వచ్చేలోగా ఇది సోకని పిల్లలు దాదాపు ఉండరు. పెద్దవాళ్ళకూ, మీ పాప వయసు పిల్లలకూ ఇది మామూలు రొంపలాగే వచ్చి పోతుంది. ఆరు నెలల లోపు పసివాళ్ళలో, అందులోనూ నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, ఊపిరితిత్తులలోని వెంట్రుక సన్నని గొట్టాలు వాచి, లోపల జిగట కఫం పేరుకొని, గాలి లోపలికి వెళ్ళడానికీ బయటికి రావడానికీ దారి ఇరుకైపోతుంది. మనవాళ్ళు పిల్లికూతలు అనేది ఆ ఇరుకు దారిలో గాలి చేసే చప్పుడే.

వైరస్ పేరు తేల్చుకోవడం ఇప్పుడు మీకు ముఖ్యం కాదు. ఫ్లూ అయినా, ఆర్ఎస్‌వీ అయినా, మరో జలుబు వైరస్ అయినా ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. మీరు చూడవలసినవి రెండే: ఊపిరి, పాలు. జ్వరం ఎక్కువ ఉందా తక్కువ ఉందా అన్నదాన్ని బట్టి ఈ వయసులో తీవ్రతను కొలవకూడదు. జ్వరం లేకుండానే ఆయాసపడే పిల్లలను నేను చాలామందిని చూశాను. కానీ మూడు నెలల లోపు బిడ్డకు 100.4 దాటి జ్వరం వస్తే మాత్రం వేరే లక్షణం ఏదీ లేకపోయినా అదే రోజు చూపించాలి.

ఇప్పుడు ఊపిరి సంగతి. బాబు నిద్రపోతున్నప్పుడో, ప్రశాంతంగా మేలుకొని ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి, బొడ్డు పైభాగం నుంచి మెడ దాకా వెలుతురులో చూడండి. ఏడుస్తున్నప్పుడూ పాలు తాగుతున్నప్పుడూ లెక్కపెట్టవద్దు. పొట్ట ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒకటి. సెకన్ల ముల్లు ఉన్న గడియారం పక్కన పెట్టుకొని పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించవద్దు, పసివాళ్ళ ఊపిరి ఒక్క తీరుగా సాగదు కనుక ఆ లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించితే, రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా అంతకు మించితే, ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు 40 లేదా అంతకు మించితే దాన్ని వేగంగా ఊపిరి తీయడం అంటాము. మీ బాబుకు గీత 50 దగ్గర ఉంది. ఎక్కువ వస్తే అయిదు నిమిషాలు ఆగి మరోసారి లెక్కించండి, రెండోసారీ అంతే ఉంటే ఇక ఆలోచించవలసిన పని లేదు.

లెక్క కన్నా ముందే కన్ను పట్టుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఊపిరి లోపలికి తీసినప్పుడు పక్కటెముకల కింది అంచు దగ్గర చర్మం గుంట పడినట్టు లోపలికి పోవడాన్నే మన ఊళ్ళలో డొక్కలెగరేయడం అంటారు. ముక్కుపుటాలు అదరడం, ఊపిరి వదిలేటప్పుడు ప్రతిసారీ సన్నగా మూలగడం, పెదవులూ నాలుకా నీలిరంగు తిరగడం, పిలిచినా కదిపినా మత్తుగా ఉండడం కూడా ఈ కోవలోవే. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. నెలలు నిండని బిడ్డ ఒక్కొక్కప్పుడు ఆయాసం ఏమీ చూపించకుండానే ఊపిరి ఆపేస్తాడు. అయిదు పది సెకన్ల విరామం ఈ వయసులో మామూలే కాని, పదిహేను సెకన్లు దాటితే, లేదా ఆ సమయంలో రంగు మారితే అది ప్రమాదం.

మీరు అడిగిన గురగుర చాలావరకు ముక్కులోది. ఉప్పునీటి చుక్కలు వేసిన కొద్దిసేపటికి ఆ చప్పుడు తగ్గి, డొక్కలు కదలకుండా ఉంటే భయం లేదు. చుక్కలు పాలివ్వడానికి కొద్ది నిమిషాల ముందు, ఒక్కో రంధ్రంలో ఒకటో రెండో వేయండి. ఈ వయసు పిల్లలు ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు కనుక ముక్కు మూసుకుంటే పాలు తాగలేరు. పాలు తాగలేకపోతే ఒంట్లో నీరు తగ్గి, కఫం ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఇంత చిన్న పనికి అంత విలువ.

పాలు ఎప్పటికన్నా కొద్దిగా తక్కువ తాగినా, తరచుగా తాగుతుంటే సరిపోతుంది. ఎప్పుడూ తాగేదానిలో సగం కన్నా తగ్గినా, ఆరు ఎనిమిది గంటలపాటు ఒక్క గుడ్డ కూడా తడపకపోయినా చూపించాలి. అలసిపోయి రొమ్ము వదిలేస్తుంటే పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టవచ్చు. ఆరు నెలలు నిండే దాకా నీళ్ళు, గ్లూకోజు, తేనె ఏవీ వద్దు. ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడం వల్ల బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు, దగ్గుకైనా సరే అది పనికిరాదు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఈ జబ్బు మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా ముదిరి, ఆ తర్వాత దిగుతుంది. నిన్న వైద్యుడు విన్నప్పుడు ఛాతీ శుభ్రంగా ఉండడం నిజమే కావచ్చు, కానీ ఈ రాత్రికీ రేపటికీ అది పూచీ కాదు. మీ బాబు నెలలు నిండకుండా పుట్టాడు కనుక, లక్షణాలేవీ కనిపించకపోయినా రేపు ఉదయం మరొకసారి వినిపించండి.

గుణుపురం టీచరమ్మ:

చెల్లీ, డాక్టరుగారు చెప్పిన మాటలన్నీ పోయిన ఏడాది మా ఇంట్లో ఒక్కొక్కటే కళ్ళెదుట జరిగాయి కనుక రాస్తున్నాను. అప్పటికి మా చిన్నది మూడో నెలలో ఉంది. మొదటి రెండు రోజులు ముక్కు కారడం తప్ప ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రం నాకు మొదట తేడా తెలిసింది పాలిచ్చేటప్పుడే. నాలుగు గుటకలు తాగి, రొమ్ము వదిలేసి, నోరు తెరుచుకొని నా ముఖంలోకి చూస్తూ ఊపిరి తీసుకునేది, మళ్ళీ పట్టుకునేది. ఆకలి ఉంది, తాగాలని ఉంది, ఓపిక లేదు. దాన్ని నేను పాలు పడకపోవడం అనుకున్నాను.

అదే రాత్రి దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రిలో చూపిస్తే, చొక్కా విప్పి చూడకుండానే ఒక ఇంజెక్షను చేసి, ముఖానికి ఆవిరి గొట్టం కాసేపు పెట్టి, తగ్గిపోతుందని పంపించేశారు. నాలుగో రోజు రాత్రి ఒంటిగంటకు గుడ్డ మార్చబోయి దీపం వేశాను. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద నా బొటనవేలు పట్టేంత గుంట పడుతోంది. మెడ కింద, గొంతు దగ్గర ఉన్న చిన్న పల్లం కూడా లోపలికి పోతోంది. లెక్కపెడితే అరవై నాలుగు వచ్చింది. మా వారు 108కి ఫోను చేశారు. బండి వచ్చేలోగా నేను ఒక పని చేశాను, అది తర్వాత చాలా పనికొచ్చింది: చొక్కా ఎత్తి ఉంచి, ఫోనులో ఒక నిమిషం వీడియో తీశాను. దారిలో పిల్ల నిద్రపోయి కొంత నెమ్మదించింది కాని, వైద్యురాలు ఆ వీడియో చూసిన వెంటనే ఆక్సిజను పెట్టించింది. మూడు రోజులు ఆక్సిజనూ, ముక్కు గొట్టంలోంచి నా పాలూ, అంతే వైద్యం. యాంటీబయాటిక్ ఇవ్వలేదు. అయిదో రోజున ఇంటికి పంపించారు.

మనలాంటివాళ్ళకు ఇక్కడ ఒడియా భాష కూడా ఒక చిక్కు. చీటీ రాసే దగ్గర "సర్ది" అని ఒక్క మాట చెబితే, అది మామూలు జలుబు కిందికి వెళ్ళి వరుసలో కూర్చోబెడతారు. "నిశ్వాస నేబాకు కష్ట హేఉఛి" అనండి, అంటే ఊపిరి తీయడానికి కష్టంగా ఉందని. పాలు తాగడం లేదంటే "ఖీర ఖాఉ నాహిఁ". ఎన్నో వారానికి పుట్టాడో ముందే చెప్పండి, మన చేతిలోని తల్లీబిడ్డల కార్డు చూపించండి. మా అమ్మ తెలుగులో "డొక్కలెగరేస్తోంది" అని ఎంత మొత్తుకున్నా అక్కడున్న నర్సుకు అర్థం కాలేదు. నేను చొక్కా ఎత్తి చూపించాకే ఆమె పరుగెత్తింది.

పాతపట్నం మందుల దుకాణం:

నమస్కారం. పర్లాకిమిడి నుంచి సరిహద్దు దాటి మా దుకాణానికి వచ్చి చీటీ లేకుండా దగ్గు మందు అడిగే తల్లిదండ్రులు రోజూ ఉంటారు. నేను ఇవ్వను, ఎందుకో ఇక్కడ రాస్తాను. జలుబు కోసం అమ్మే సిరప్పులలో చాలావాటిలో క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసి ఉంటాయి. ఈ జోడింపును నాలుగేళ్ళ లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీదే అచ్చు వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి మూత్రపిండాలు చెడి పిల్లలు చనిపోయిన సంగతి అందరూ చదివే ఉంటారు. ఆ అక్టోబరులోనే రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదనీ ఇవ్వకూడదనీ, అయిదేళ్ళ లోపు వారికి కూడా సాధారణంగా సిఫారసు చేయబోమనీ కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. మందు మంచిదే అయినా ఈ జబ్బులో అది చేసే మేలు ఏమీ లేదు. దగ్గు వల్లనే కదా ఆ కఫం బయటికి వచ్చేది.

పారాసిటమాల్ విషయంలో జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది, దీన్ని దయచేసి ఇంట్లో అందరికీ చెప్పండి. చుక్కల మందు సీసాలో సాధారణంగా ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్పులో అయిదు మిల్లీలీటర్లకు 125 ఉంటాయి, మరో రకంలో అయిదు మిల్లీలీటర్లకు 250 ఉంటాయి. మూడూ చూడడానికి ఇంచుమించు ఒకే రంగు, ఒకే వాసన. నాలుగున్నర కిలోల బిడ్డకు ఒక మోతాదు, కిలోకు పదిహేను మిల్లీగ్రాముల చొప్పున, 67 మిల్లీగ్రాములు దాటకూడదు. చుక్కల మందు అయితే అది ముప్పావు మిల్లీలీటరు కన్నా తక్కువ. 125 సిరప్పు అయితే రెండున్నర మిల్లీలీటర్ల పైచిలుకు. ఆ 125 సిరప్పు కొలతతో చుక్కల మందు పట్టారంటే నాలుగు రెట్ల మందు లోపలికి వెళ్ళినట్టే. మీ బాబుకు మూడు నెలలు నిండలేదు కనుక వైద్యుడు బరువు చూసి రాసిస్తే తప్ప అసలు వేయకండి. ఆస్పిరిన్ కలిసిన మాత్ర నూరి పట్టడం పిల్లలెవరికీ ఎప్పుడూ చేయకూడదు.

పెదమామగారు చెప్పిన సగం సీసా సంగతి: పొడిలో నీళ్ళు కలిపి చేసే యాంటీబయాటిక్ సాధారణంగా కలిపిన వారం పది రోజులకే పనికిరాకుండా పోతుంది. అందులో బలం మిగిలి ఉన్నా అది బాక్టీరియాను చంపుతుందే కాని వైరస్‌ను ముట్టుకోదు. పారబోసేయండి.

పర్లాకిమిడి కోడలు:

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసినవన్నీ మా వారు గట్టిగా చదివి ఇంట్లో అందరికీ వినిపించారు. పెదమామగారు సీసా ఆయన చేత్తోనే పారబోశారు. రాత్రి పదింటికి లెక్కిస్తే 44, తెల్లవారుజామున నాలుగింటికి 46, ఇప్పుడు 47 వచ్చింది. డొక్కలు కదలడం లేదు, గుడ్డలు బాగానే తడుపుతున్నాడు. ఒక గంటలో మళ్ళీ వైద్యుడి దగ్గరికి బయలుదేరుతున్నాము.

మూడు విషయాలు మిగిలిపోయాయి. సాంబ్రాణి వద్దని అత్తగారికి ఏ కారణం చెప్పను? మామగారికి రాత్రి 101 జ్వరం వచ్చింది, ఒళ్ళు నొప్పులంటున్నారు. ఆయన్ను ఏం చేయాలి? బాబుకు పదో వారం టీకా ఇప్పటికే ఆలస్యమైంది, ఊళ్ళో టీకాలు వేసే మమతా దివసం వస్తోంది, ఆ రోజు వేయించవచ్చా?

బరంపురం పిల్లల వైద్యుడు:

ముందు మామగారి సంగతి చెబుతాను, ఎందుకంటే అందులో ఆలస్యం పనికిరాదు. మన గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలలో జ్వరం వచ్చిన మనిషిని దగ్గు ఉంది కదా అని వైరల్ అని వదిలేయకూడదు. మలేరియా పరీక్ష చేయించాకే ఆ మాట అనాలి. ఈ కొండ ప్రాంతాలలో ఫాల్సిపారం రకం మలేరియా చాలాకాలంగా ఉంది. దాని కోసమే 2017లో ఒడిశా ప్రభుత్వం దమన్ అనే కార్యక్రమం పెట్టింది. ఆశా కార్యకర్త దగ్గరే వేలి రక్తంతో చూసే కిట్టు ఉంటుంది, పావుగంటలో తేలుతుంది.

అది కాదని తేలితే, ఆయన వయసులో ఉబ్బసమూ షుగరూ ఉన్న మనిషికి హఠాత్తుగా జ్వరమూ ఒళ్ళు నొప్పులూ వచ్చినప్పుడు ఫ్లూను అనుమానించాలి. వానాకాలమూ, చలి చివరి నెలలూ మన దేశంలో ఫ్లూ ఎక్కువగా తిరిగే రోజులు. ఫ్లూకు ఒసెల్టమివిర్ అనే మందు ఉంది. జ్వరం మొదలైన 48 గంటలలోపు మొదలుపెడితే దాని మేలు ఎక్కువ. అందుకే ఈ రోజే వైద్యుడికి చూపించి, ఉబ్బసం, షుగరు ఉన్నాయని చెప్పి అడగండి. పీల్చే మందు ఆపకూడదు. జబ్బు చేసినప్పుడు షుగరు పెరుగుతుంది కనుక రోజూ చూసుకోవాలి. కోవిడు రోజులలో కొన్న ఆక్సిజను కొలిచే క్లిప్పు ఇంట్లో ఉంటే ఆయన వేలికి పెట్టండి. 94 కన్నా తగ్గినా, మాట్లాడుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగినా, మాటలు తికమకగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆ క్లిప్పు బాబుకు మాత్రం పెట్టవద్దు, పెద్దల వేలికి చేసినది పసివేలికి సరిగా చదవదు, 97 చూపించి మిమ్మల్ని నిద్రపుచ్చగలదు.

బాబునూ ఆయననూ ఒకే గదిలో పడుకోబెట్టకండి. మీకు కూడా రొంప వస్తే మాస్కు కట్టుకొని, చేతులు సబ్బుతో ఇరవై సెకన్లు రుద్ది కడుక్కొని పాలివ్వండి, పాలు ఆపవద్దు, ఆ పాలలోనే రక్షణ ఉంటుంది. ఆర్ఎస్‌వీ గట్టి వస్తువుల మీద కొన్ని గంటలపాటు బతికి ఉంటుంది. తుమ్మిన తుంపరతో వచ్చేది కొంతైతే, పాప ముక్కు తుడిచిన చెయ్యి, ఆ చేత్తో పట్టుకున్న బొమ్మ, ఆ బొమ్మ తీసి తమ్ముడి చేతికిచ్చిన ప్రేమ, ఆ దారిన వచ్చేది అంతకు తక్కువేమీ కాదు. పాపను తిట్టకండి. చేతులు కడుక్కొని తమ్ముడి పాదాలు మాత్రమే ముట్టుకోవచ్చని చెప్పండి, ముద్దులు తర్వాత.

సాంబ్రాణికి మీ అత్తగారితో ఇలా చెప్పండి: వాచి ఇరుకైన గొట్టంలోకి పొగ పోతే అది ఇంకా వాస్తుంది. కట్టెల పొయ్యి, దోమల కాయిల్, చుట్ట, బీడీ అన్నీ ఇదే కోవ. మలేరియా ఉన్న ఊరు కనుక దోమలు వద్దంటే దోమతెర కట్టండి. కర్పూరం నూరి ఛాతీకి రాయడం, ముక్కులో నూనె వేయడం, వేడినీళ్ళ గిన్నె మీద పట్టుకొని ఆవిరి పట్టడం కూడా వద్దు. ఆవిరి గిన్నె ఒలికి ఒళ్ళు కాలిన పిల్లలకు వైద్యం చేసినవాణ్ణి కనుక గట్టిగా చెబుతున్నాను. కొన్ని గూడేలలో డొక్కలెగరేసే బిడ్డకు పొట్ట మీద వాతలు పెట్టించే అలవాటు ఇంకా పోలేదు. అలా తెచ్చిన బిడ్డకు ఒకే ఒంట్లో రెండు జబ్బులకు వైద్యం చేయవలసి వస్తుంది.

టీకా విషయం తేలిక. జ్వరం లేని చిన్న రొంప టీకాకు అడ్డు కాదు. ఇప్పుడు జబ్బు ముదిరే రోజులు కనుక ఈ నాలుగు రోజులు దాటనిచ్చి వేయించండి. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలలో ఉచితంగా వేసే న్యూమోకోకల్ టీకాను కూడా తప్పించవద్దు. అది ఈ వైరస్‌ను ఆపదు కాని, దీని వెనుక వచ్చే ఒక రకం న్యుమోనియాను ఆపుతుంది. ఆర్ఎస్‌వీకే గర్భిణికి వేసే టీకా, బిడ్డకు నేరుగా ఇచ్చే యాంటీబాడీ ఇంజెక్షను 2023 నుంచి అమెరికా వంటి దేశాలలో వాడుకలోకి వచ్చాయి. మనం ఇప్పుడు చేయగలిగింది ఏమిటంటే, ఇంట్లో పెద్దలు ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం, మళ్ళీ గర్భం వస్తే ఆ సమయంలో మీరు వేయించుకోవడం. తల్లికి వేసిన ఫ్లూ టీకా బిడ్డకు మొదటి కొన్ని నెలలు కాపు కాస్తుంది.

కాశీనగరం ఆశా దీదీ:

అత్తగార్లతో మాట్లాడడమే నా పని కనుక ఒక్క మాట. సాంబ్రాణి మానమంటే ఆవిడ చేతిలో ఉన్న పని లాక్కున్నట్టు ఉంటుంది. దానికి బదులుగా ఇంకొక పని ఇవ్వండి. నేను వెళ్ళే ఇళ్ళలో ఊపిరి లెక్క అమ్మమ్మలకూ నాయనమ్మలకూ నేర్పుతాను. వాళ్ళకు ఓపిక ఎక్కువ, రాత్రి మెలకువ ఎక్కువ. చదువు రానివాళ్ళకు చింతపిక్కలు ఇస్తాను. ఒక్కో ఊపిరికి ఒక్కో పిక్క పక్కన పెట్టి, నిమిషం అయ్యాక కోడలు లెక్కపెడుతుంది. బిడ్డకు ఏడాది నిండే దాకా ఆసుపత్రికి తీసుకెళ్ళే బండి ఉచితం, 102కైనా 108కైనా ఫోను చేయండి. డబ్బు లేదని, రాత్రని ఆగిపోవద్దు.

పర్లాకిమిడి కోడలు:

అయిదు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. ఆ రోజు ఉదయం వైద్యుడు విని, కొద్దిగా పిల్లికూతలు మొదలయ్యాయని, ఇంట్లోనే ఉంచి ప్రతి రెండు గంటలకూ లెక్క చూడమని చెప్పారు. మధ్యాహ్నం 48. సాయంత్రం 49. రాత్రి రెండింటికి నన్ను లేపింది మా అత్తగారు. దీపం దగ్గర కూర్చొని, ఒడిలో చింతపిక్కలు పోసుకొని, "అమ్మాయ్, రెండుసార్లు చూశాను, ఇవి చాలా ఎక్కువున్నాయి" అన్నారు. పోగు లెక్కపెడితే యాభై తొమ్మిది. చొక్కా ఎత్తితే డొక్క కదులుతోంది. బండి ఇరవై నిమిషాలలో వచ్చింది. అక్కడ కొలిస్తే ఆక్సిజను 88 ఉంది. నేను టీచరమ్మగారు నేర్పిన మాటే చెప్పాను, వరుసలో కూర్చోబెట్టలేదు.

రెండు రోజులు ఆక్సిజను పెట్టారు. మూడో రోజు తీసేసి, ఒక రాత్రి చూసి, 96 నిలబడ్డాక నిన్న ఇంటికి పంపారు. మామగారికి మలేరియా లేదని తేలింది. రెండో రోజే ఒసెల్టమివిర్ మొదలుపెట్టారు, ఇప్పుడు జ్వరం లేదు. ఆయన ముందుగదిలో కిటికీ తెరుచుకొని పడుకుంటున్నారు.

బాబు ఇంకా దగ్గుతున్నాడు, పాలు మాత్రం పూర్తిగా తాగుతున్నాడు. ఈ దగ్గు ఎన్నాళ్ళు ఉంటుంది? పాపను అంగన్‌వాడీకి ఎప్పుడు పంపవచ్చు?

బరంపురం పిల్లల వైద్యుడు:

మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. దగ్గు రెండు మూడు వారాలు ఉంటుంది. రోజురోజుకూ తగ్గుతూ, పాలు తాగుతూ ఉంటే దానికి మందు అక్కరలేదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరమో ఆయాసమో వస్తే చూపించండి. పెద్ద పిల్లలు సాధారణంగా మూడు నుంచి ఎనిమిది రోజులు ఈ వైరస్‌ను ఇతరులకు అంటిస్తారు కనుక, పాపకు జ్వరం పోయి, ముక్కు కారడం తగ్గిందంటే ఈపాటికి పంపవచ్చు. బాబు వంటి పసివాళ్ళు మాత్రం నాలుగు వారాల దాకా కూడా అంటించగలరు. కాబట్టి వాణ్ణి చూడడానికి వచ్చే బంధువులలో పొత్తిళ్ళ బిడ్డలున్నవారు ఎవరైనా ఉంటే, ఈ నెల రానివ్వకండి.